కొండ కాలుస్తామన్న కబురు

డోలినా, ఆమె తమ్ముడు ఫర్కర్ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే గిన్నెలోంచి జావ వడ్డించుకుంటారు, ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకుంటారు. మాట్లాడుకోరు. అలా ఆరేళ్ళయింది. ఆమెకు అరవై ఒకటి, అతనికి యాభై ఏడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. అయ్యుంటే ఆ వచ్చినవాళ్ళ గతి ఏమయ్యేదో దేవుడికే తెలియాలి.

గొడవ దేనికంటే చెప్పుకోవడానికే సిగ్గు. తల్లిని పూడ్చిపెట్టి వచ్చిన రోజు, ఊరివాళ్ళందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, పాస్టరు గారి పక్కనే కూర్చుని ఫర్కర్ ఒక్క మాటన్నాడు: "సూపులో ఉప్పెక్కువైంది." అంతే. వినేవాళ్ళకు నవ్వొస్తుంది. కానీ పదకొండేళ్ళు మంచాన పడ్డ తల్లికి మలమూత్రాలు ఎత్తినది డోలినా. ఆ రాత్రంతా కన్ను మూయకుండా శవం పక్కన కూర్చుని, తెల్లారి నలభైమందికి వండినదీ డోలినాయే. 'పాపం మా అక్క' అన్న మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటుంటే, వాడి నోట్లోంచి ఊడిపడింది ఉప్పు. ఆ రోజు మూసుకున్న నోరు ఆమె మళ్ళీ తెరవలేదు. తప్పయింది అనడానికి వాడికీ నోరు రాలేదు.

మరి ఇల్లు గడిచేదెలా అంటే, నెల్ ఉంది కదా. నెల్ గొర్రెల కుక్క. చెప్పవలసినవన్నీ ఇద్దరూ దానికే చెప్పేవారు. "నెల్లీ, జావ చల్లారిపోతోందని మీ అయ్యగారితో చెప్పవే." "నెల్లీ, నా మేజోళ్ళకు చిల్లులు పడ్డాయని ఆవిడకు చెప్పు." అది పాపం ఇటోసారి అటోసారి చూసి తోక ఊపేది.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక పొద్దున డోలినా వంటగది కడిగింది. నేల ఇంకా ఆరలేదు, ఫర్కర్ బురద బూట్లతో మధ్యలోంచి నడిచి వచ్చాడు.

"నెల్లీ, ఇది ఇల్లా, గొర్రెల దొడ్డా అని అడుగు" అంది డోలినా.

ఫర్కర్ కుర్చీలో కూర్చుని తాపీగా టీ తాగాడు. తాగి, కుక్క తల నిమురుతూ అన్నాడు. "నెల్లీ, ఈ ఇల్లు ఎవరి పేరు మీదుందో ఆవిడగారిని ఓసారి గుర్తు తెచ్చుకోమను."

ఇల్లు అతని పేరు మీదే ఉంది. ఆ కొండపల్లెల్లో ఇల్లూ పొలమూ కొడుక్కే పోతాయి. అందరికీ తెలిసిందే, కానీ ఆ మాట పైకి అనకూడదు. డోలినా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. అతను లేచి బయటికి పోయాడు.

అప్పుడే ఫోను మోగింది. కొండమీద వేటకోసం పెంచే పక్షులకు కాపలా ఉండే ఉద్యోగి మర్డో చేశాడు.

"డోలినక్కా, గాలి బాగుంది. ఇవాళ ఎర్రకొండకి ఉత్తరం వైపు కాల్చేస్తాం. ఫర్కరన్నని అటు రావద్దని చెప్పు, సరేనా?"

"చెప్తాలే" అంది.

ఏటా వసంతంలో కొండంతా పరుచుకునే ముదిరిన హెదర్ పొదలను పాయలు పాయలుగా తగలబెడతారు, లేతచిగురు వస్తే గొర్రెలకూ పక్షులకూ మేత. కాల్చే ముందు చుట్టుపక్కల గడప గడపకూ కబురు చెయ్యాలి. కబురు అందుకున్నవాళ్ళు ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. పగవాడి విషయంలోనైనా ఆ మర్యాద ఎవరూ తప్పరు.

డోలినా చెబుదామనే అనుకుంది. నిజంగానే అనుకుంది. ఫోను పెట్టేసి ఇటు తిరిగేసరికి తడినేల మీద ఆ బూటుగుర్తులు కనిపించాయి. 'ఇల్లు ఆయనదే కదా, కొండా ఆయనదే అయ్యుంటుంది. తెలుసుకోనీ' అనుకుంది. టీ కోసం నీళ్ళు పెట్టుకుంది. ఇవాళ కంచె బాగుచేసుకుంటాడులే, కొండెక్కడులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది కూడా.

మధ్యాహ్నానికి కాస్త ముందు బట్టలు ఆరేద్దామని పెరట్లోకి వచ్చింది. దుప్పటి తీగ మీద వెయ్యగానే గాలికి వచ్చి ఆమె ముఖానికి చుట్టుకుంది. పొద్దున్న గాలి అటువైపు వీచింది. ఇప్పుడు ఇటు తిరిగింది. దుప్పటి లాగి కొండవైపు చూస్తే పొగ నిటారుగా లేదు, శిఖరం వైపు పడి పాకుతోంది. వసారాలోకి పరిగెత్తింది. ఫర్కర్ చేతికర్ర కొక్కేనికి లేదు. కర్ర పట్టుకుని పోయాడంటే చూలు గొర్రెలను దింపుకు రావడానికే. చూలు గొర్రెలు చలిగాలికి చాటు కోసం ఎప్పుడూ ఉత్తరం వైపు ముదురు హెదర్‌లోనే దూరి ఉంటాయి.

రబ్బరు బూట్లు తొడుక్కుని బయలుదేరింది.

దారిన పోతే గంట పడుతుంది. డోలినా దారి వదిలేసి పొదల్లోంచి నిట్టనిలువుగా ఎక్కసాగింది. దూరం నుంచి ఆ కొండ మెత్తటి రగ్గు పరిచినట్టుంటుంది. దగ్గరకు వెళితే తెలుస్తుంది దాని సంగతి. తీగల్లాంటి కాండాలు చీలమండల్ని పట్టి లాగుతాయి, వాటి కింద గుంటలు కనిపించవు, కాలు దిగితే మోకాలి దాకా నల్లబురద. పది అడుగులు వేసి ఒకసారి పడింది. లేచి ఇరవై అడుగులు వేసి మళ్ళీ పడింది. కుడి మోకాలు ఎప్పటినుంచో వాతం పట్టినది, ఇప్పుడది నిప్పులు పోసినట్టు మండుతోంది. "దిక్కుమాలిన నోరు, నీ నోరు పడిపోనూ!" అని తిట్టుకుంది. ఎవరినో కాదు, తననే.

సగం ఎక్కేసరికి పొగ వాసన గొంతులో పట్టుకుంది. పైనుంచి ఏదో దూసుకొస్తోంది. నెల్! ఒక్కతే వచ్చింది. వీపు మీద బొచ్చు కమిలిపోయి వంకర్లు తిరిగింది. అది వచ్చి ఆమె లంగా పట్టి పైకి లాగింది.

"వాడేడే? ఒసే, వాడేడే?"

కుక్క ఏం చెబుతుంది? డోలినా గొంతు చించుకుని అరిచింది.

"ఫర్కర్! ఒరేయ్ ఫర్కర్!"

ఆ పేరు నోటి నుంచి వచ్చి ఆరేళ్ళయింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. చెవులు రిక్కించి నిలబడింది. చిటపటమని పొదలు కాలే చప్పుడు తప్ప ఉలుకూ పలుకూ లేదు. అప్పుడొక ఆలోచన వచ్చింది. వాడు వినీ పలకడంలేదేమో! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మంటలో ఉండి కూడా 'ఆవిడకు నేను బదులు చెప్పేదేమిటి' అనుకునే మొండివాడు. అంత మొండివాణ్ణి చేసినదెవరు? చిన్నప్పటినుంచి వాడు అలిగితే పంతానికి పంతం నేర్పినది తను కాదూ?

"నీ కాళ్ళు పట్టుకుంటా, పలకరా నాయనా!" అని ఏడుస్తూ ఎక్కింది. ఇప్పుడు చేతులతో పొదలు పట్టుకుని పాకడమే. అరచేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది. ఆమె చూసుకోలేదు.

గట్టు దాటగానే నల్లటి నేల. మంట అప్పటికే దాటిపోయిన చోటు. కాళ్ళ కింద బూడిద ఇంకా వేడిగా ఉంది. మంట చుట్టుముడితే కాలిపోయిన నేల మీదికి దూకాలని ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఫర్కర్ ఆ నేల మీదే, ఓ బండరాయికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమ్మలు లేవు. ఎడమచెయ్యి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. ఒళ్ళో ఒక గొర్రె తల ఉంది. దాని పొట్ట కదులుతోంది, కళ్ళు కదలడంలేదు. దగ్గర్లో మరో మూడు పడి ఉన్నాయి. మిగిలినవి అవతల గట్టు మీద గుంపుగా నిలబడి అరుస్తున్నాయి.

డోలినా అతని ఎదురుగా బూడిదలో కూలబడింది.

ఎవరూ మాట్లాడకముందే కింద నుంచి మర్డో పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముఖమంతా మసి, చేతిలో మంటను కొట్టే పార. ఇద్దరినీ చూసి ఊపిరి పీల్చుకున్నాడు, ఆ వెంటనే కోపం వచ్చింది.

"చచ్చిపోయేవాడివి కదన్నా! నా ఉద్యోగం పోయేది, అది పోతే పోనీ, నీ ప్రాణం పోయేది! పొద్దున్నే ఫోను చేశా కదా. డోలినక్కా, నువ్వు చెప్పలేదా?"

డోలినా నోరు తెరిచింది.

"చెప్పింది" అన్నాడు ఫర్కర్. గొంతు పొగకు బొంగురుపోయింది. "చెప్పిందిరా. నాకే బుద్ధిలేక వచ్చా. ఆమెనేం అనకు."

మర్డో తల కొట్టుకున్నాడు. "ఈ కొంపలో ఎవరికి బుద్ధుందని! ఉండండి, బండి తెస్తా. ఆ చెయ్యి డాక్టరుకు చూపించాలి." వచ్చినంత వేగంగానే దిగిపోయాడు.

డోలినా తలకు కట్టుకున్న గుడ్డ విప్పింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని చుట్టసాగింది.

"నేను చెప్పలేదు కదరా" అంది. ఆరేళ్ళ తరువాత వాడి ముఖం చూసి అన్న మొదటి మాట అది. "నన్నెందుకు కాపాడావు? నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మర్డో ఫోనులో మాట్లాడితే వసారాలోకి వినబడదా ఏంటి? కర్ర తీసుకుంటూ అంతా విన్నా." ఫర్కర్ గొర్రె చెవి సవరించాడు. "మధ్యాహ్నం దాకా మొదలెట్టరులే, ఈలోగా గొర్రెల్ని దింపేద్దామనుకున్నా. గాలి తిరుగుతుందని నాకేం తెలుసు. అయినా నువ్వు చెబితే వచ్చేవాణ్ణి కాదక్కా. చెబుతావేమోనని తలుపవతల నిలబడ్డా."

తలుపుకు ఇవతల డోలినా, నీళ్ళు మరిగేదాకా గిన్నెను చూస్తూ నిలబడి ఉంది. అవతల వాడు. మధ్యన ఒక చెక్క.

"ఎంతసేపు నిలబడ్డావు?"

"కాసేపు." అతను దగ్గాడు, చాలాసేపు దగ్గి ఉమ్మాడు. తరువాత ఆమె కళ్ళలోకి చూశాడు. "ఇంకొంచెం సేపు నిలబడుంటే చెప్పేదానివా?"

అవునంటే చాలు. ఆ ఒక్క మాటకు వాడు కడుపు నింపుకునేవాడు. డోలినా ఆ మాట కోసం మనసంతా వెతికింది. వెతికితే పొద్దున్నటి కోపమే చేతికి తగిలింది, ఇంకా వెచ్చగా.

"తెలీదురా" అంది, ఏడుస్తూ. "దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదు."

ఫర్కర్ తలూపాడు.

"నువ్వు చెప్పవని తెలిసిపోతుందేమోనని నాకు భయమేసింది. అందుకే ఎక్కువసేపు నిలబడలేదు" అన్నాడు.