డ్రాగన్ నోట్లో బంగారం

"కప్పలు పెట్టమంది బావా, డాక్టరమ్మ!"

నా బావమరిది కోక్ వెంగ్ వేడివేడి కప్పల జావ పొట్లం తెచ్చి తొట్టి ముందు పెట్టాడు.

"ఎవరికిరా?"

"తౌకేకి! ఫోన్లో నాతోనే చెప్పింది. గోల్డ్‌ఫిష్ మానేసి కప్పలు పెట్టాలట. అల్లం తక్కువ వేయించాను."

తౌకే అంటే యజమాని. మలేషియాలోని ఈపోలో ఈ కాఫీ కొట్టుకు యజమానిని నేనే అయినా జనం ఆ పేరుతో పిలిచేది గోడవార గాజు తొట్టిలో ఉండే ఎర్ర అరోవానా చేపని. మూరెడు పొడుగు, రాగిరేకుల్లాంటి పొలుసులు, రెండు మీసాలు. డ్రాగన్‌కి దగ్గరి చుట్టమని మా చైనావాళ్ల నమ్మకం. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చి నా చేత్తో పెంచాను. మోకాలి ఆపరేషన్‌కి పెనాంగ్ వెళ్లి, మూడు నెలలు కూతురింట్లో కోలుకుని ఆ ఉదయమే తిరిగొచ్చేసరికి అది పక్కకి ఒరిగిపోయి, తిన్నగా ఈదలేక గాజుకి తల కొట్టుకుంటోంది.

ఫోన్ లాక్కుని చేపల డాక్టర్ యప్‌తో మాట్లాడాను.

"కప్పలు కాదండీ, గప్పీలు! చిన్న చేపలు! ఇంతకీ దానికి గోల్డ్‌ఫిష్ ఎన్నాళ్లుగా పెడుతున్నారు?"

నాకేం తెలుసు? తౌకేకి మిడతలూ, మోలీ చేపలూ పెట్టమని చెప్పి వెళ్లాను. కోక్ వెంగ్ వైపు తిరిగాను. వాడు గిరాకీల వైపు చూశాడు. గిరాకీలు కప్పుల్లోకి చూశారు.

చివరికి రోజూ కాఫీకొచ్చే తమ్ అంకుల్ నన్ను చూసి గొంతు సవరించుకున్నాడు. "కొత్త సంవత్సరం కదా ఆ-సెంగ్, శుభమని ఒకటి వేశాను. బంగారం డ్రాగన్ నోట్లో పడితే మన గల్లాలో పడ్డట్టే."

ఆయన వేశాడని ఆయన వియ్యంకుడు, వియ్యంకుడు వేశాడని మందుల కొట్టతను. పండగ వెళ్లిపోయింది గానీ పండగ మేత ఆగలేదు. కాఫీ కంటే ముందు చేప, చేప కంటే ముందు దండం. తౌకే దానికి అలవాటుపడి మిడతలు పెడితే ఉమ్మేశాడట.

"మరి ఒరిగిపోతుంటే ఏం చేశారు?"

"ఊరుకున్నామా బావా! వాస్తు ఆయన్ని పిలిచాం. తొట్టి తలుపుకి ఎదురుగా ఉందంటే జరిపించాం."

మోకాలి నొప్పి మరిచి అరిచాను.

"వాస్తు దోషం కాదురా గాడిదా, వస్తు దోషం! లోపల పడుతున్నదేమిటో చూడకుండా తొట్టిని జరిపారా? శుభం శుభం అంటూ శవాన్ని చేస్తున్నారు కదరా నా బిడ్డని!"

"నోరు తగ్గించు, పెద్దవాళ్లున్నారు," అన్నాడు తమ్ అంకుల్. "మేం పెట్టింది విషమా?"

"అంకుల్, మీ మనవడికి మూడు పూటలా మిఠాయే పెడతారా? దీని పేరు బంగారమైతే దాని పేరు తీపి!"

డాక్టర్ యప్ వచ్చి విటమిన్ సూది వేసింది. "నరాలు దెబ్బతిన్నాయి. రెండు రోజుల్లో తిన్నగా నిలబడి మేత ముట్టుకుంటే బతుకుతాడు. లేకపోతే నేను చెయ్యగలిగేది లేదు," అంది.

ఆమె పెట్టె సర్దుకుంటూండగానే నూడుల్స్ బండి లావ్ అక్క లోపలికొచ్చింది. చేతిలో నీళ్ల సంచీ, అందులో తళతళలాడే గోల్డ్‌ఫిష్. "పాపం, తౌకేకి బాగా లేదటగా! ఇది తింటే బలం వస్తుందని..."

ఇక ఆగలేదు. ఒంటికాలిమీద స్టూలెక్కాను. కోక్ వెంగ్ నడుం పట్టుకున్నాడు.

"అందరూ వినండి! గోల్డ్‌ఫిష్ ఒంట్లో ఒక పదార్థం ఉంది. అది తిన్నవాడి బి-వన్ విటమిన్‌ని విరిచేస్తుంది. ఒకటీ అరా తింటే పోయేదేం లేదు. రోజూ అదే మింగిస్తే మీను మిగులుతుంది, విటమిన్ మిగలదు! కడుపు నిండుగా ఉంటుంది, నరాలు మాడిపోతాయి. మీరు పెట్టిన శుభమే వాణ్ణి ఇలా పడగొట్టింది. గప్పీల్లో, మోలీల్లో ఆ పాడు గుణం లేదు. అవి కూడా మన ఇంట్లో పెరిగినవే కావాలి, బజారు సంచీలో వచ్చే చేప రోగాలు మోసుకొస్తుంది. కప్పలు పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఆ మాట కోక్ వెంగ్ చెవిది!"

లావ్ అక్క సంచీని గుండెకి హత్తుకుంది.

"మరి దీన్నేం చెయ్యను తమ్ముడూ?"

"ఇంటికి తీసుకెళ్లి పెంచుకో అక్కా," అన్నాను. "అదైనా బతకనీ."