పొట్టేలు తలల కంకణం

బంగారం విషయంలో శేషుకుమారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో దేశం దాటొచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఎవరు ఏ నగ కొన్నా, ముందు ఆవిడకి చూపించి, ఆవిడ ‘ఊఁ’ అన్నాకే వేసుకుంటారు. అంతటి శేషుకుమారి తన చేతికొచ్చిన ఒకే ఒక్క అసలు సిసలు పాత నగని అరటిపండు పక్కన పెట్టి ఇచ్చేసింది.

అది బెవర్లీ నగ. బెవర్లీ ఇరవై ఏళ్ళుగా పక్కింటావిడ. శేషుకుమారికి కారు నడపడం నేర్పింది. భర్త ద్వారకానాథ్ ఆఫీసు పని మీద ఊళ్ళో లేని రోజున కూతురు లాస్య పుడుతుంటే, ఆస్పత్రిలో శేషుకుమారి చెయ్యి పట్టుకుని కూర్చున్నది కూడా ఆవిడే. ఈ జూలైలో వృద్ధాశ్రమానికి వెళ్ళిపోతూ, అరిగిపోయిన తోలు డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చింది.

“మా ఆయన వైపు నుంచి వచ్చింది. నూట యాభై ఏళ్ళ కిందటి ఫ్రెంచివాళ్ళ పని. ఎప్పుడో రోమనుల నాటి నగలు చూసి చేశారట. ఇంక ఇది నీది” అంది.

ఇంటికొచ్చి డబ్బా తెరిచిన శేషుకుమారి పెదవి విరిచింది. కంకణం ఒంటినిండా ఆవగింజలకన్నా చిన్న పూసలు. సింహతలాటాల కడియాలు చూసింది గానీ, రెండు కొసలా ఈ పొట్టేలు తలలేమిటి? రంగు చూస్తే పాలిపోయినట్టుంది. 916 ముద్ర కోసం భూతద్దం పెట్టి వెతికితే ఏదో పక్షి తలకాయ కనబడింది. పైగా ఒకదాన్ని చూసి చేసిందని బెవర్లీయే చెప్పింది కదా. గిల్టు అని తేల్చేసింది. పాపం పిచ్చిది, బంగారమనుకుని ఇన్నేళ్ళు దాచుకుందే అని జాలిపడింది కూడా.

వరలక్ష్మీ వ్రతానికి పిలవని పేరంటాలు ఒకావిడ ఎక్కువైంది. సుగుణ. రిటర్న్ గిఫ్టులు అయిపోయాయి. శేషుకుమారి ఆలోచించకుండా లోపలికెళ్ళి, జాకెట్టు ముక్క మీద ఆ డబ్బా పెట్టి, బొట్టుపెట్టి తాంబూలం ఇచ్చేసింది. ఆ పూట శేషుకుమారి మెడలో ధగధగా కాకుండా మసకమసగ్గా మెరుస్తున్నది హైదరాబాదులో కొత్తగా చేయించుకున్న యాంటిక్ హారం. నిన్నగాక మొన్న కరిగించిన బంగారాన్ని నాలుగు తరాల కిందటి దానిలా కనిపించేలా చేసినందుకు మజూరీ రెట్టింపు ఇచ్చింది.

అక్టోబరు చివర్లో బెవర్లీ ఫోన్ చేసింది.

“శనివారం నా తొంభయ్యో పుట్టినరోజు. ఆ కంకణం పెట్టుకుని రా. నీ చేతికి ఎలా ఉందో చూడాలి.”

అలాగేనని శేషుకుమారి ఫోన్ పెట్టేసింది. బెవర్లీ ప్రేమగా ఇచ్చినదాన్ని నెల తిరక్కుండా పంచిపెట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

“జస్ట్ టెల్ హర్, మమ్. షీ విల్ లాఫ్” అంది లాస్య, యూనివర్సిటీకి వెళ్ళబోతూ.

“నువ్వూరుకో. ఆవిడ మనసు కష్టపడితే నువ్వొచ్చి తీరుస్తావా?” అని కసిరి, సుగుణ ఇంటికి పరిగెత్తింది.

“అయ్యో, దాన్ని దసరా పేరంటంలో బిందుమాధవికి ఇచ్చేశానండీ. అయినా తాంబూలంలో ఇచ్చింది వెనక్కి అడుగుతారుటండీ?” అని సుగుణ బుగ్గలు నొక్కుకుంది.

బిందుమాధవి వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పిల్ల. తలుపు తీసిన చేతికే కంకణం ఉంది. “ఆ గిల్టు కంకణం...” అని శేషుకుమారి మొదలుపెట్టింది.

“గిల్టు కాదాంటీ. సిటీల యాంటిక్‌ల షాపాయనకు చూపిచ్చిన. గా పక్షి తలకాయ గద్దదంట, ఫ్రాన్సుల పద్దెనిమిది క్యారెట్ల బంగారానికి గదే ముద్రంట. గీ పూసలు అతికిచ్చేటోళ్ళు ఇప్పుడు దొరకరన్నడు.”

శేషుకుమారికి తల కొట్టేసినంత పనైంది. ఎన్ని నగలకి తీర్పు చెప్పిన కళ్ళు ఇవి! సిగ్గు విడిచి, జరిగిందంతా చెప్పి, కంకణం తిరిగిమ్మని అడిగింది.

“తాంబూలంల వచ్చిన లక్ష్మిని ఎట్ల ఇస్త ఆంటీ? ఉత్తగ ఇయ్యద్దని మా అమ్మ అంటది” అని బిందుమాధవి నసిగింది. ఆ పిల్ల చూపు శేషుకుమారి మెడలోని యాంటిక్ హారం మీదే ఉంది.

మర్నాడు శుక్రవారం. శేషుకుమారి బిందుమాధవిని భోజనానికి పిలిచి, బొట్టుపెట్టి, యాంటిక్ హారాన్ని తాంబూలంలో పెట్టి ఇచ్చింది. బిందుమాధవి అదే పళ్ళెంలో కంకణం పెట్టి ఇచ్చింది. ఇద్దరూ ఒకరి కాళ్ళకి ఒకరు పసుపు రాసుకున్నారు. హారం గుమ్మం దాటేదాకా శేషుకుమారి దాన్నే చూస్తూ నిలబడింది. అయినా బెవర్లీ ముందు తలెత్తుకోవచ్చు, అది చాలనుకుంది.

శనివారం వృద్ధాశ్రమంలో కేకు కోశాక బెవర్లీ శేషుకుమారి చేతిని దగ్గరికి లాక్కుని కంకణాన్ని తడిమింది. తర్వాత పగలబడి నవ్వడం మొదలుపెట్టింది.

“నీకో రహస్యం చెప్పనా? మా అత్తగారు ఇది నాకు ఇచ్చినప్పుడు, ఈ మేకల గోల ఏమిటని ఆ వారమే చర్చి వాళ్ళ పాత సామాన్ల అమ్మకానికి ఇచ్చేశాను. క్రిస్మస్‌కి ఆవిడ వస్తోందని తెలిసి, కొన్నావిడ కాళ్ళు పట్టుకుని, నా కుట్టుమిషను ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నా. అత్తగారు పోయేదాకా ఆవిడకి ఈ సంగతి చెప్పలేకపోయాను. చెప్పుంటే ఇద్దరం ఎంత నవ్వుకునేవాళ్ళమో!”

శేషుకుమారికి లోపల్నుంచి నవ్వు పొంగుకొచ్చింది. హారం, సుగుణ, పళ్ళెం, పసుపు కాళ్ళు అన్నీ ఒక్కసారే నోటి దాకా వచ్చాయి. ఈ దేశంలో కడుపుబ్బ నవ్వుకోడానికి ఆవిడకి ఉన్నది ఈ ఒక్క మనిషే.

ఈలోపు బెవర్లీ కళ్ళు తుడుచుకుంటూ నర్సు వైపు తిరిగింది. “ఈ శేషు నాలాంటిది కాదు. ఇచ్చిన రోజునుంచి ప్రాణంలా దాచుకుని ఉంటుంది. నాకు తెలుసు. ఏం శేషూ?”

వెంట వచ్చిన లాస్య, తల్లి మొహంలోకే చూస్తోంది. శేషుకుమారి కంకణాన్ని ఒకసారి సర్దుకుంది.

“బీరువాలోంచి బయటికి తీస్తే ఒట్టు, బెవ్” అంది.

ఇరవై ఏళ్ళ స్నేహంలో బెవర్లీకి ఆవిడ చెప్పిన మొదటి అబద్ధం అదే.