ఊరు తిరిగిన చెప్పులు

పరాయి దేశంలో కాపురం పెట్టి మూడేళ్లయినా ఆవిడ చెప్పులు గుమ్మం బయటే విడిచేది. ఆ అయిదంతస్తుల బిల్డింగులో ఇంకెవరికీ ఆ అలవాటు లేదు. మొగుడు కూడా మానేసి, బూట్లతోనే లోపలికి వచ్చేవాడు. ఆవిడ గిన్నెలు తోముకునే వేళకి చెప్పులు మెట్లు దిగి ఊరి మీద పడేవి. సాయంత్రానికి తిరిగొచ్చి బుద్ధిగా గోడవార నిలబడేవి.

"మీ చెప్పులు నిన్న మార్కెట్ వెనక సందులో కనిపించాయండీ. వానొచ్చేలా ఉంది, ఇంటికి పొమ్మన్నాను," అనేది పక్కింటావిడ.

"మంచి పని చేశారు," అనేదీవిడ. తను మాత్రం ఒంటరిగా కూరగాయల కొట్టు దాటి ఎరగదు. ఎక్కడికెళ్లినా మొగుడి వెనకాల నడవడమే.

లిఫ్టులు బాగుచేసే ఆ మొగుడు, పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగానికి ఆవిడ దరఖాస్తు పెట్టిందని విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "మనింటి నంబరే ఇప్పటికీ నన్నడుగుతావు! ఊరందరి ఇళ్లూ నువ్వు పట్టుకుంటావా?"

అప్పటికే ఆరు చోట్ల కాదన్నారు. "ఇదీ పోతే ఇంక ఉద్యోగం మాటెత్తను," అంది ఆవిడ. అనేశాక తనకే భయం వేసింది.

పరీక్ష రోజున పోస్టుమాస్టరమ్మ ముప్పై ఉత్తరాలు చేతికిచ్చి, "పన్నెండు లోపల పంచేసి రావాలి. ఫోన్లో దారి చూడకూడదు," అంది.

మొగుడు కొనిచ్చిన కొత్త బూట్లతో బయల్దేరింది ఆవిడ. కొత్త బూట్లకేం తెలుసు, పాపం! మూడు వీధులు తిప్పి మళ్లీ పోస్టాఫీసు ముందుకే తెచ్చి నిలబెట్టాయి. పదిన్నరయింది, ఒక్క ఉత్తరమూ చేరలేదు. ఏడుపు ముంచుకొచ్చి మెట్ల మీద కూలబడింది.

అంతలో టపటపమంటూ వచ్చాయి చెప్పులు. రోడ్డు దాటేముందు ఆగి, అటూ ఇటూ తిరిగి చూసుకుని మరీ వచ్చాయి.

ఆవిడ బూట్లు సంచీలో కుక్కి చెప్పులు తొడుక్కుంది. ఇంక చూడాలి ఆ నడక! అడ్రసు పూర్తిగా చదవకముందే కాళ్లు మలుపు తిరిగేవి. కరిచే కుక్కున్న ఇంటి దగ్గర చెప్పులు పెరటి గేటుకి లాక్కెళ్లాయి. పన్నెండుకి పది నిమిషాలుండగా, బూట్లు తప్ప ఇంకేమీ లేని సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

పోస్టుమాస్టరమ్మ కిందికి చూసి, "ఇవి మీవా? రోజూ కనిపిస్తుంటాయి. ఉద్యోగం మీదే. రేపు ఏడింటికి ముగ్గురూ రండి," అంది.

వారం తిరక్కుండానే మొగుడు ఫోన్ చేశాడు. ఏదో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్తూ దారి తప్పాట్ట.

"ఎక్కడున్నారు?"

"తెలిస్తే నీకెందుకు చేస్తాను?"

"ఎదురుగా ఏముందో చెప్పి, అక్కణ్ణించి కదలకండి. వస్తున్నాను."

ఇంటికి ఆవిడ ముందు నడిచింది, మొగుడు వెనక నడిచాడు. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, ఆ చెప్పుల పక్కన జాగ్రత్తగా పెట్టాడు.