ఎవరి ఆవగింజ

కేకుల దుకాణంలో నాది రాతపని. కేకు చేసేవాళ్లు వేరే, పెట్టెలో సర్దేవాళ్లు వేరే. క్రీము నింపిన కాగితపు కోను పట్టుకుని, చీటీ మీద ఏముంటే అది కేకు మీద రాయడమే నా ఉద్యోగం. పదమూడేళ్ల నుంచి ఇదే పని కాబట్టి, ఊళ్లో మొగుళ్లు పెళ్లాలను ముద్దుగా ఏమని పిలుస్తారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బుజ్జి, బంగారం, చిట్టి, రాక్షసి. రాక్షసి అని రాయించినాయన మర్నాడు మూతి మీద ప్లాస్టర్‌తో కనిపించాడని మా కౌంటర్ వదిన చెప్పింది. నిజమో కాదో తెలియదు. ఎవరు చెప్పినా అంత తొందరగా నమ్మే మనిషిని కాను నేను.

కౌంటర్ వదిన అంటే కౌంటర్లో కూర్చుని ఆర్డర్లు తీసుకునే ఆవిడ. చుట్టం కాదు, వరస కలిపి పిలుస్తానంతే. ఆ రోజు పదకొండింటికి ఆవిడ నా బల్ల మీద పెట్టిన చీటీలో ఇలా ఉంది. కిలో కేకు, గుండ్రం, తెల్ల క్రీము. 'నా ఆవగింజకు పుట్టినరోజు శుభాకాంక్షలు.' సాయంత్రం నాలుగింటికి వచ్చి తీసుకుంటారు.

ఆవగింజను నేను.

మా ఆయన నన్ను అలా పిలుస్తాడు. చిన్నగా ఉంటాననీ, కాస్త వేడి తగిలితే చిటపటలాడతాననీ. నలుగురిలో ఎప్పుడూ అనడు, తలుపు వేశాకే. మా అమ్మకు తెలియదు, అక్కకు తెలియదు. పదకొండేళ్లలో ఆ మాట మా గడప దాటలేదనుకున్నాను. నా పుట్టినరోజు అయిపోయి అయిదు నెలలయింది.

వదినను పిలిచి ఆర్డర్ ఎవరిచ్చారని అడిగాను. ఫోన్లో ఎవరో మగాయన అంది. గొంతు ఎలా ఉందన్నాను. మగగొంతులా ఉంది, నీకేమైంది అంది. ఏమీ కాలేదన్నాను.

ఇక నా బుర్ర ఊరుకుంటుందా. మా ఆయన ఈ మధ్య గురువారాలు గంట ఆలస్యంగా ఇంటికొస్తున్నాడు. పోయిన నెల నన్ను అడక్కుండా నీలం చొక్కా కొనుక్కున్నాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ ఈల వేశాడు. ఈల రోజూ వేస్తాడు, కానీ ఇవాళ ఎక్కువసేపు వేసినట్టు తోచింది. విడివిడిగా చూస్తే వీటిలో ఒక్కదానికీ అర్థం లేదు. ఆ చీటీ పక్కన పెట్టి చూస్తే అన్నిటికీ ఒకటే అర్థం.

ఆయన పనిచేసేది సెలూన్‌లో. గడియారాల షాపు పక్కన, మూడు కుర్చీల సెలూన్. మొదటి కుర్చీ పెద్దాయనది, ఆయనే యజమాని. రెండోది మా ఆయనది. మూడో కుర్చీలో మనిషి నిలవడు. వచ్చేవాళ్లందరూ మగవాళ్లే కాబట్టి ఆడగాలి సోకని ఉద్యోగమని మా అక్క ఏరికోరి చూసిన సంబంధం ఇది.

అయినా నేను ఊరుకోలేదు. పెళ్లయిన మూడో నెలలో ఆయన చొక్కా మీద ఒక పొడుగు వెంట్రుక దొరికింది. మగవాళ్ల సెలూన్‌లో మూరెడు వెంట్రుక ఎక్కడిదని నిలదీశాను. నీదే అయి ఉంటుందన్నాడు. నాది ఇంత నల్లగా ఉండదన్నాను. దాన్ని కాగితంలో మడిచిపెట్టి, బట్టలు సర్దుకుని, పుట్టింటికి వెళ్లి పది రోజులు కూర్చున్నాను. పదకొండో రోజు ఆయన వచ్చాడు. గుమ్మంలో నిలబడి, నాకు మాత్రమే వినపడేట్టు, ఆవగింజా, ఇంటికి రా అన్నాడు. సంజాయిషీ ఏమీ చెప్పలేదు. నా కోపాన్ని అంత ముద్దుగా చూసిన మనిషి అబద్ధమాడడనిపించింది. చెప్పులు వేసుకుని వెనకాలే వచ్చేశాను. తర్వాత ఎప్పుడో అక్క ఆ వెంట్రుకను నా జడ పక్కన పెట్టి చూసి, ఇది నీదేనే మొద్దూ అంది.

అంటే నా కాపురం నిలబడింది ఆ ఒక్క మాట మీద. ఇప్పుడా మాటను ఇంకెవరి కోసమో నా చేత్తో నేనే రాయాలి. రాశాను. మామూలు కన్నా చక్కగా కుదిరింది. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

మూడున్నర నుంచే కౌంటర్ దగ్గర తచ్చాడాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నీలం చొక్కా కోసం చూశాను. నాలుగు దాటాక వచ్చినవాడు బస్సు కండక్టర్. యూనిఫాంలోనే ఉన్నాడు, ముప్పై లోపు మనిషి, జుట్టు కొత్తగా కత్తిరించుకున్నాడు. పెట్టె మూత తీసి చూసుకుని మురిసిపోయాడు. ఇతని పెళ్లానికి మా ఆయన ఆ పేరు పెడితే, ఆవిడ నోటివెంట ఇతను విన్నాడేమో. అంతదాకా పోయింది నా ఆలోచన.

పేరు బాగుంది, మీరే పెట్టారా అని నవ్వు తెచ్చుకుని అడిగాను. అతను సిగ్గుతో మెలికలు తిరిగాడు. కూపీ లాగడం నాకు కొత్త కాదు కాబట్టి రెండు నిమిషాల్లో అంతా చెప్పేశాడు. పెళ్లయి ఏడాదట. ఆవిడ అలిగి వారం రోజులు మాట్లాడలేదట. సెలూన్‌లో తల వంచుకుని కూర్చుంటే, జుట్టు కత్తిరించే ఆయన ఇతని చెవిలో వేశాడట, ఇంటికెళ్లి ఒకసారి ఇలా పిలిచి చూడు అని.

"పనిచేసిందా?" అన్నాను.

"కేకు దాకా వచ్చింది కదండీ."

ఏ సెలూన్ అని అడిగాను. గడియారాల షాపు పక్కన, రెండో కుర్చీ ఆయన అన్నాడు.

ఇంకో ఆడది లేదని తేలింది. హమ్మయ్య అనుకోవాలి. అనుకున్నాను కూడా, ఒక్క నిమిషం. ఇంకో ఆడది ఉంటే ఒకత్తే ఉండేది. ఇప్పుడు ఎంతమంది ఉన్నారో లెక్క తెలియదు.

ఆరింటికి పని దిగి సెలూన్ వైపు నడిచాను. దారిలో నున్నగా కత్తిరించిన మెడ కనిపించిన ప్రతి మగవాణ్ణీ అనుమానంగా చూశాను. కూరగాయల సంచి మోసుకుంటూ ఒకావిడ తనలో తను నవ్వుకుంటుంటే, నువ్వు కూడానా తల్లీ అనుకున్నాను.

పెద్దాయన టీకి వెళ్లాడు. మా ఆయన నేల మీది జుట్టు ఊడుస్తూ నన్ను చూసి కంగారుపడ్డాడు. ఆ గుమ్మం నేను అంతకుముందెప్పుడూ తొక్కలేదు. వెళ్లి రెండో కుర్చీలో కూర్చున్నాను. ఆయన చీపురు పక్కన పెట్టి, అలవాటు కొద్దీ నా వెనకాల వచ్చి నిలబడ్డాడు. అద్దంలో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు గురువారాల సంగతి అడిగాను. ఆ రోజు సెలూన్ కట్టేశాక తనే పెద్దాయన తలకు రంగు వేస్తాడట. తర్వాత కండక్టర్ సంగతి చెప్పాను.

"నా పేరు ఎంతమందికి పంచారు?"

దువ్వెన పళ్లు బొటనవేలితో మీటుతూ నలుగురైదుగురికి అన్నాడు. పాపం వాళ్లకు ఏం మాట్లాడాలో తెలియక ఈ కుర్చీలో ఏడుపుమొహాలు పెట్టుకుని కూర్చుంటారన్నాడు. నాకని పెట్టిన పేరు ఊరందరికీ ఎలా ఇస్తారని నేను ఒంటికాలి మీద లేచాను.

"అది నేను పెట్టింది కాదు," అన్నాడు. "నువ్వు పుట్టింటికి వెళ్లినప్పుడు పెద్దాయన చెప్పాడు. వాళ్లావిణ్ణి అలా పిలిచేవాడట. అని చూడు, వస్తుంది అన్నాడు."

మరి చిన్నగా ఉంటాననీ చిటపటలాడతాననీ అన్న మాటలో అని అడిగాను. అవి నువ్వే అనుకుని చెప్పావు, నేను అవునన్నానంతే అన్నాడు.

అద్దంలో నా మొహం నాకే చూడబుద్ధి కాలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. నేనెన్నడూ చూడని ఒక ముసలావిడ పేరుకు పదకొండేళ్లు పలికాను. ఆవిడ పేరు వినే చెప్పులు వేసుకుని వెనకాలే వచ్చేశాను.

"ఆ పది రోజుల్లో మీకు సొంతంగా ఒక్క మాట దొరకలేదా?"

ఆయన దువ్వెన అద్దం ముందు పెట్టాడు.

"రోజూ ఫోన్ చేశాను కదా," అన్నాడు. "నువ్వు లేని ఇంట్లో నాకు భయంగా ఉంది, వచ్చెయ్ అన్నాను. ఈ మాట మీకెవరు నేర్పారని అడిగావు. మర్నాడూ అదే చెప్పాను. మళ్లీ అదే అడిగావు. ఇంక నా దగ్గర మాటలేం మిగల్లేదు."

గుర్తొచ్చింది. మా అమ్మావాళ్ల వరండాలో గోడకు ఆనుకుని నిలబడి అడిగాను. అడిగి, ఆయన జవాబు చెప్పేలోపే ఫోన్ పెట్టేశాను. ఆ రెండు రోజులే కాదు, పది రోజులూ అంతే.

"ఇప్పుడు చెప్పండి," అన్నాను.

ఆయన కుర్చీని తన వైపు తిప్పుకుని ఆ మాటే చెప్పాడు. ఎవరు నేర్పారన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించుకుని కూర్చున్నాను.