చూడదగ్గవి

నానబెట్టిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని కొంచెం నొక్కితే తోలు వేళ్ళ మధ్యే ఉండిపోతుంది, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఎక్కువ నొక్కితే నలుగుతుంది, తక్కువ నొక్కితే రాదు. కొన్ని గింజలకు గిన్నెకంటే బాల్కనీ మూల మీద మోజెక్కువ, అటు పోతాయి. గిన్నెడు పప్పు కావాలంటే గంటన్నర కూర్చోవాలి. తినడానికి పది నిమిషాలు చాలు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో శశికళ పితికిపప్పు కోసం ఇలా కూర్చోని చలికాలం లేదు. ఆ గురువారం కూడా హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని తమ మూడో అంతస్తు బాల్కనీలో, పదిన్నర ఎండలో, కాళ్ళు చాపుకుని కూర్చుంది. పక్కన ఫోను ఆగకుండా టింగుమంటోంది.

"సూపర్ లిస్ట్, హేమంత్ సార్!"

"ఇంత బిజీలో ఇవన్నీ ఎలా కనుక్కుంటారు సార్?"

హేమంత్ సార్ అంటే ఆమె భర్త హేమంత్‌కుమార్. అపార్ట్‌మెంటు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శి. డిసెంబరు రాగానే 'ఈ చలికాలంలో చూడదగ్గ కళా ప్రదర్శనలు' అని ఒక జాబితా వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏ రోజు సెలవు, మెట్రో దిగి ఎటు నడవాలి, అన్నీ ఉంటాయి. పదకొండేళ్ళ కిందట మొదటిసారి ఆ పని నెత్తిన పడ్డప్పుడు, "నువ్వు ఊరికే ఉంటావు కదా, కొంచెం చూసిపెట్టు" అన్నాడు. శశికళ చూసిపెట్టింది. పేపర్లు కత్తిరించింది, గ్యాలరీలకు ఫోన్లు చేసింది, వాళ్ళ ఇంగ్లీషును మామూలు మాటల్లోకి దించింది. అప్పటినుంచి ప్రతి ఏడాదీ ఆమే చూసిపెడుతోంది. చివర్లో ఒక గులాబీ పువ్వు బొమ్మా తన పేరూ చేర్చడం మాత్రం హేమంత్‌కుమార్ ఎవరికీ వదిలిపెట్టడు. ఎవరైనా మరీ పొగిడితే, "మా ఇంటామె టైపింగ్‌కు హెల్ప్ చేస్తాది" అని పెద్ద మనసు చేసుకుంటాడు.

కింది అంతస్తు మార్త వచ్చింది. గుంటూరులో నర్సుగా చేసి రిటైరైన మనిషి, కూతురి దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. మొన్న మంగళవారం వచ్చినప్పుడు శశికళ గ్యాలరీలకు ఫోన్లు చేస్తుంటే పక్కనే కూర్చుని విన్నది కాబట్టి జాబితా ఎవరిదో ఆమెకు తెలుసు. కుర్చీ లాక్కుని తనూ రెండు గింజలు నొక్కింది. రెండూ నలిగాయి.

"ఇంతకీ ఈ లిస్టులో నువ్వు చూసింది ఏదమ్మా?"

"నేనా?"

"నువ్వే. నాకు మోకాళ్ళ నొప్పులు, అన్నిటికీ తిరగలేను. నువ్వు చూసినవాళ్ళల్లో బాగా గీసేవాళ్ళు ఎవరో చెప్పు, అక్కడికే పోతాను."

"అన్నీ బాగుంటాయి మార్తక్కా."

"అన్నీ చూశావా?"

"లేదు."

"ఒకటన్నా?"

శశికళ గింజలకేసి చూసింది. మార్త ఆశ్చర్యంగా అంది, "అదేంటమ్మా! చూడకుండానే చూడదగ్గవని ఎట్లా రాశావు?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. ఎత్తిపొడుపులకు శశికళ ఎప్పుడో అలవాటు పడిపోయింది, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. కానీ మార్త నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మార్త వెళ్ళిపోయాక కూడా ఆ ప్రశ్న బాల్కనీలోనే కూర్చుంది.

చూడటానికి ఆమెకు ఏనాడూ కొదవ లేదు. పెళ్ళికి ముందు ముగ్గురు వచ్చి ఆమెను చూసిపోయారు, నాలుగోవాడు చేసుకున్నాడు. ఆ తర్వాత అంతా ఆమె చూడటమే. పాలు పొంగకుండా చూడు, నీళ్ళ ట్యాంకరు వచ్చిందేమో చూడు, బిడ్డకు ఒళ్ళు కాలుతోందేమో చూడు. అత్తగారిని ఆఖరి మూడేళ్ళూ మంచంలో చూసుకుంది. ఇప్పుడు మైసూరు హాస్టల్లో ఉన్న కూతురిని పదిహేడేళ్ళు చూసుకుంది. ఎవరైనా నువ్వేం చేస్తావమ్మా అని అడిగితే, "ఇల్లు చూసుకుంటా" అంటుంది. పెళ్ళయిన మొదటి జనవరిలో, రోడ్డు పొడుగునా బొమ్మలు పరిచి అమ్మే చిత్రాల సంత గురించి పేపర్లో చదివి, పోదామా అని అడిగింది. "బొమ్మలు చూసేదానికి అంత దూరం పోవాల్నా? గోడ మింద క్యాలెండరు ఉండాది కదా" అంది అత్తగారు. "బొమ్మలు యాడికి పోతాయే, వచ్చే ఏడు పోదాం" అన్నాడు భర్త. వచ్చే ఏడు కడుపుతో ఉంది. ఆ పై ఏడు చంటిబిడ్డ. ఆ తర్వాత పితికిపప్పు. ఈ ఊళ్ళో బొమ్మల కాలమూ అనపకాయల కాలమూ ఒకటే కావడం ఎవరి కుట్రో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు.

ఫోను తీసి జాబితాను కొత్తగా, ఎవరో రాసినట్టుగా చదివింది. ఏడో అంకె దగ్గర ఆగింది. 'పోగులు. చిక్కపేట, పాత బట్టల గోదాము మేడ మీద. ఆనేకల్ నేతిళ్ళలో సేకరించినవి. ఆదివారమే ఆఖరు.' నాలుగేళ్ళుగా ఆ గోదాములో డిసెంబరులో ఏదో ఒకటి పెడుతున్నారు. ఈసారి ఆనేకల్ అన్నారు. శశికళ పుట్టిల్లు ఆనేకల్, అదీ నేతిల్లే. సేకరించినవి అంటే చీరలా అని ఫోనులో అడిగితే, అవతలి అమ్మాయి నవ్వి, "చీరలు కాదక్కా, చెప్తే తమాషా పోతాది. వచ్చి చూడండి" అంది. చీరలు కాకపోతే నేతిళ్ళలో ఇంకేం దొరుకుతుంది? మగ్గం కర్రలా? నూలు చుట్టే కండెలా? గింజలు పితుకుతున్నంతసేపూ అదే ఆలోచన. చాలా కాలం తర్వాత ఒక సంగతి తనకోసం తనకు తెలియాలనిపించింది. అలా అనిపించినందుకే ఆమెకు సంతోషంగా ఉంది.

సాయంత్రం కాఫీ ఇస్తూ చెప్పింది.

"ఆదివారం పొద్దున చిక్కపేటకు పోయొస్తా."

"బ్లౌజు గుడ్డలకా?"

"లిస్టులో ఏడోది చూసేదానికి."

హేమంత్‌కుమార్ నవ్వాడు. చెడ్డవాడు కాదు, నిజంగానే నవ్వొచ్చింది. "నువ్వా? ఏమే, ఆదివారం కమిటీవాళ్ళు పదహైదు మంది మనింటికి భోజనానికి వస్తాండారు, మర్చిపోతివా? సాయంత్రం నాకు శాలువా కప్పుతారు, పదకొండేండ్ల లిస్టుకు. పితికిపప్పు పులుసు అని అందరికీ చెప్పేసినా."

"పదకొండుకంతా వచ్చేస్తా."

"దాంట్లో ఏముండాదో నీకే కదా తెలుసు, టైమింగ్స్‌తో సహా. మళ్ళా పోయి చూసేదేముండాది?"

శశికళకు ఒళ్ళు మండింది. తను రాసిన మాటలే అడ్డం పెట్టి తనను ఆపుతున్నాడు. "అదేముండాదో తెలీకనే పోతాండా" అని ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున్నే వంకాయలు కోసి, మసాలా నూరి, బియ్యం కడిగి పెట్టింది. నానిన గింజలు రెండు టబ్బుల నిండా ఉన్నాయి. "నేను వచ్చేలోగా చేతనైనన్ని పితకండి" అంది. పేపరు వెనకనుంచి, "ఆ, ఆ" అని వినిపించింది. తొమ్మిదికి మెట్రో ఎక్కింది. ఆర్.వి. రోడ్డులో బండి మారి చిక్కపేటలో దిగింది.

మెట్లెక్కి పైకి వచ్చి, ఫోను తెరిచి, తను రాసిన దారే చదువుకుంటూ నడిచింది. 'మెట్రో దిగి ఎడమవైపు, జరీ దుకాణాలు దాటాక రెండో సందు, నీలం తలుపు.' ఎడమవైపు నడిచింది. జరీ దుకాణాలు లేవు, ఇనప సామాను షట్టర్లున్నాయి. రెండో సందు చివర ఒక గోడా, గోడకు ఆనించిన తోపుడుబండీ తప్ప ఏమీ లేవు. బండి మీద కూర్చుని టీ తాగుతున్న ముసలి హమాలీని అడిగింది.

"నీలం తలుపా? అది ఆపక్క గదమ్మా. మెట్రో నుంచి కుడిపక్కకు పోవాల. ఈపక్కకు ఎవురు రమ్మనిరి నిన్ను?"

ఎవరు రమ్మన్నారు? తనే. చిన్నప్పుడు అమ్మ పద్మావతి చెయ్యి పట్టుకుని ఆనేకల్ బస్సులో వచ్చి మార్కెట్టు దగ్గర దిగేది. అటునుంచి నడిస్తే జరీ దుకాణాలు ఎడమచేతివైపే. మెట్రో ఇటునుంచి పైకి తేలుతుందని, కుడి ఎడమలు తారుమారవుతాయని తోచలేదు. అమ్మ చెయ్యి ఎటు లాగిందో అటే రాసేసింది.

నాలుక కరుచుకుని వెనక్కి తిరిగిన మనిషి, నాలుగడుగులు వేసి ఆగిపోయింది. నాలుగేళ్ళు! నాలుగేళ్ళుగా ఈ తప్పు దారే రాస్తోంది. గ్రూపులో రెండు వందల నలభై మంది ఉన్నారు. ఒక్కరు కూడా, దారి తప్పాం సార్, అనలేదు. పైగా పోయినేడు సంఘం ప్రెసిడెంటు ఈ గోదాము గురించే, 'విజిటెడ్ విత్ ఫ్యామిలీ, ఆసమ్' అని రాశాడు. ఏ గోడను చూశాడో పాపం, కుటుంబంతో సహా. శశికళకు నవ్వు తన్నుకొచ్చింది. నడిరోడ్డు మీద, తోపుడుబండి పక్కన, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. హమాలీ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. ఎవరూ పోలేదు. పదకొండేళ్ళుగా అందరూ జాబితానే చూశారు, అందులో ఉన్నవి ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనివాటి జాబితాకు సాయంత్రం శాలువా. ఆ గ్రూపు మొత్తంలో మొదటిసారి కాళ్ళతో నడిచి వచ్చింది తనే.

నీలం తలుపు దొరికింది. చెక్క మెట్లెక్కితే పొడుగాటి గది, సున్నం గోడలు. ఒక్కరూ లేరు. ఫోనులో గొంతు గుర్తుపట్టి, "రండక్కా, నేనే రంజితను" అని ఎదురొచ్చింది ముక్కుపుడక అమ్మాయి. గోడల వెంట పన్నెండు అద్దాల పెట్టెలు. ఒక్కో పెట్టెలో జానెడు వెడల్పున, చిందరవందర కొసలతో ఒక పోగుల పట్టీ. రంగు వెలిసి, ముడులు ముడులుగా.

శశికళ మొదటి పెట్టె ముందు ఆగింది. "ఇవి పారేసేవి కదా" అంది.

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలిపి మెలేసి అతకాలి. వేలిమీద బూడిద అద్దుకుని, వేల పోగులు, రెండు రోజులు. నేతిళ్ళలో ఆ పని ఆడవాళ్ళది. మగ్గం మీద కూర్చునేవాడికి పేరుంటుంది, చీరకు పేరుంటుంది. ఆ అతుకు మాత్రం బట్టలో ఉండకూడదు, కత్తిరించి పారేస్తారు. అమ్మ ఆ ముక్కలతోనే చిన్నప్పుడు శశికళ జడలు కట్టేది. ఇప్పుడు వాటికి అద్దాలు, పైన దీపాలు. కింద అట్టముక్క మీద 'పడుగు అతుకు. చేసినవారు తెలియదు' అని రాసుంది.

వంగి మూడో పెట్టెను చూసింది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా చూసింది.

"ఇది ఒకరు చేసింది కాదు రంజితా. ఇద్దరు."

"ఎట్లా చెప్తారక్కా?"

"ఇక్కడిదాకా మెలి కుడికి తిరిగుండాది. ఇక్కడినుంచి ఎడమకు. ఈయమ్మది ఎడమచేతి వాటం. మళ్ళా ఈ మూల చూడు, కొసలు పొడుగ్గా వదిలేసినారు. ఇది చిన్నపిల్ల చెయ్యి. ఊడిపోతాదేమోనని భయం. మా అమ్మకు జ్వరమొచ్చినప్పుడు నేనూ ఇట్లనే వదిలేదాన్ని, తొమ్మిదేండ్లు నాకు." వేలితో అద్దం మీద గీత గీసింది. "ఇద్దరు కాదు, ముగ్గురు. తల్లీ బిడ్డా, ఇంకొకామె."

రంజిత పక్కన చేరి తనూ వంగింది. "రెండేండ్ల నుంచి నా దగ్గరుండాయి ఇవి. నాకు ఒక్క ముడి కూడా కనపడలే" అంది. జేబులోంచి పెన్సిలు తీసి అట్టముక్క మీద 'తెలియదు' అన్నది కొట్టేసి, శశికళ చెప్పిందంతా పొందికగా రాసింది. "చూసి చెప్పినవారు అని మీ పేరు వేస్తా. ఏం పేరక్కా?"

"శశికళ."

"ఏం చేస్తుంటారు?"

"ఇల్లు చూసు..." అని ఆగింది. "అది రాయొద్దులే."

"ఇంకా తొమ్మిది ఉండాయి. చూస్తారా? తొందరేమన్నా ఉండాదా?"

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. నాలుగో పెట్టెలో పోగులు ఊదారంగు, మధ్యలో ఎవరో ఎర్ర పోగు ఒకటి కావాలనే కలిపారు. ఎందుకు కలిపారు? శశికళ అటు జరిగింది. అప్పుడే ఫోను మోగింది.

"యాడుండావు?" హేమంత్‌కుమార్ గొంతు కీచుగా ఉంది. "గింజలు అట్లే ఉండాయి. నాకు చేత కావడంలే, అన్నీ నలిగిపోతాండాయి. ఇంకో గంటకు జనం వచ్చేస్తారు. ఇదంతా ఎవురు చూసుకుంటారు?"

శశికళ ఎర్ర పోగు మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

"మీరు చూసుకోండి" అంది మెల్లగా. "నేను చూస్తాండాను."