సందుకు ఆనిన వీపు

బట్టీ మూత మీద అరచెయ్యి ఆనించి బట్టీ పనివాడు తొకుజిరో కళ్ళు మూసుకున్నాడు. గాజు ఎంత చల్లారిందో అతను చేత్తోనే చూస్తాడు. వేడికి ఆ చెయ్యి తాబేటి చిప్పలా గట్టిపడింది. ఓసారి దాని మీదే చేప కాల్చుకుని తిన్నాడని తొయామా ఊళ్ళో చెప్పుకుంటారు. అబద్ధమే అయ్యుండొచ్చు, చేప మాత్రం బాగా కాలిందట.

"పిల్లి పొట్టంత వెచ్చగా ఉంది. తీద్దాం" అన్నాడు.

శిల్పి కయానో బల్ల ఖాళీ చేసింది. ముందు పోసిన రెండు గాజు దిమ్మలూ చల్లారేటప్పుడే పగిలాయి. ఇదీ పగిలితే షెడ్డుకి తాళమేసి ఈ పనే మానేస్తానని నిన్న చెప్పింది. గాజుకు మెరుగు పెట్టే ఇవాసె ఆమె మొహం చూడకుండా గొలుసు లాగాడు. ముగ్గురూ కలిసి సుద్ద అచ్చును బల్ల మీదికి దించారు. లోపల గాజు ఇంకా గోరువెచ్చగానే ఉంది. చల్లగాలి తగిలిందా, నిలువునా చీలుతుంది.

ఆ ఏడు చలి ఎలాంటిదంటే, ఆవులిస్తే ఆవిరి గడ్డకట్టి గడ్డానికి వేలాడేది. పైపైన ఊడిన సుద్ద పెళ్ళలు పారబోయడానికి, ఒక్క క్షణమేగా అని, ఇవాసె గోడలోని పొట్టి జారుడు తలుపు తీశాడు. మళ్ళీ వేద్దామంటే గాడిలో మంచు. కెటిల్లో నీళ్ళు దాని మీద పోశాడు. మంచు కరిగింది, కరిగిన నీళ్ళు అక్కడికక్కడే రాయిలా బిగిశాయి. తలుపు బెత్తెడు సందు వదిలి ఆగిపోయింది.

"ఏం పోశావురా?" అన్నాడు తొకుజిరో.

"వేణ్ణీళ్ళే అన్నా."

"బాగుంది. రేపు మంచు మీద టీ కాచు."

తొకుజిరో దూది కోటు దగ్గరికి లాక్కుని వెళ్ళి ఆ సందుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"లే బాబాయ్, డెబ్బై దాటినోడివి" అంది కయానో.

"నీ గాజు కన్నా నా వీపు గట్టిది అమ్మాయ్. అటు తిరిగి చెక్కు."

ఉలి కదిలింది. సుద్ద పొరలు పొరలుగా రాలుతోంది. ఎక్కడో టిక్కుమంది. కయానో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అచ్చులో తీగ అది. గాజైతే ఇలా ముందు కబురు పెట్టదు" అన్నాడు వెనక నుంచి తొకుజిరో.

మళ్ళీ ఉలి. కాసేపటికి, "ఉన్నావా బాబాయ్?" అంది కయానో తల తిప్పకుండా.

"ఎక్కడికి పోతాను. అంటుకుపోయాను."

బల్ల కింద సుద్ద కుప్ప పెరిగింది. చివరి పెళ్ళ దగ్గర ఇవాసె వంగి చూశాడు. కయానో దాన్ని గోటితో ఎత్తింది.

పగల్లేదు. కిటికీలోంచి మంచు వెలుతురు గాజులోకి దిగి, నడిమి బోలులో చేరి, బావిలో నీరులా నిలిచింది. వెనక గోడ మీద ఆ వెలుగు నెమ్మదిగా వణికింది. ఇవాసె ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు.

"నిలిచింది బాబాయ్. వచ్చి చూడు."

తొకుజిరో కళ్ళు బల్ల వైపే తెరిచి ఉన్నాయి. వెలుతురు వాటిలోకీ వెళ్ళింది, తిరిగి రాలేదు.

లేవదీస్తే ఒంటి మీద పల్చటి చొక్కా ఒక్కటే ఉంది. అతన్ని మోసుకెళ్ళాక, సందులో అతను కూరిన దూది కోటును లాగడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. దాని బయటి సగం మంచుతో కొయ్యబారింది, లోపలి సగంలో వీపంత గుంట అలాగే ఉంది.