బొద్దింకల కెమెరా

ఆ కెమెరా కంటపడితే చాలు, అక్కకి ఒళ్ళు మండుకొచ్చేది. అల్మారాలో దుప్పట్లు పెట్టుకోవాల్సిన అరలో సగం దానికే సరిపోయింది. నల్ల సంచీ, ఆ సంచీలో మరో చిన్న సంచీ, ఛార్జరు, తీగలు, అద్దం తుడిచే మెత్తటి గుడ్డ, ఎవరూ తెరవని లావుపాటి పుస్తకం. కొని ఇన్నేళ్ళయినా దాంతో పట్టుమని పది ఫొటోలు తీసిన పాపాన ఎవరూ పోలేదు. కొత్త అల్లుడికైనా అంత మర్యాద జరగదు.

అక్క అంటే ఇద్దరు అక్కచెల్లెళ్ళలో పెద్దది. వాళ్ళిద్దరి మొగుళ్ళూ కలిసి ఇళ్ళల్లో పురుగుల మందు కొట్టే వ్యాపారం చేస్తున్నారు. అక్క మొగుడు డబ్బా వీపుకి తగిలించుకుని మూలమూలకీ దూరి మందు కొడతాడు. చెల్లెలి మొగుడు గుమ్మంలో నిలబడి మాట్లాడతాడు. మాట్లాడటమే అతని పని, అందుకే అందరూ అతన్ని మాటలాయన అంటారు. "మావారు పొద్దున్నే మందు కొట్టడానికి వెళ్ళారండీ" అని అక్క ఎవరితోనైనా అంటే వాళ్ళు జాలిగా చూసేవాళ్ళు. ఆ జాలి కూడా ఆమెకి అలవాటైపోయింది.

కెమెరా కొన్నది ఆ మాటలాయనే. "వదినా, ఇక మన పనంతా సాక్ష్యాలతో సహా! ఏ మూల ఏ పురుగుందో ఫొటో తీసి కస్టమర్ చేతిలో పెడతాం. నోరెత్తకుండా ఒప్పుకుంటారు" అని పెట్టె విప్పిన రోజున తెగ హడావిడి చేశాడు. ఆ హడావిడి ఎక్కువ రోజులు నిలవలేదు. కెమెరా వచ్చి అక్క అల్మారాలో కూర్చుంది, అతను ఫోను పట్టుకుని తిరుగుతున్నాడు.

అమ్మేయాల్సిందేనని అక్క తీర్మానించింది. వీధి చివర ఫొటో స్టూడియో ఆయన్ని అడిగితే, "తీసుకురండి చూద్దాం. ఎంత తక్కువ వాడితే అంత మంచిది. ఛార్జింగ్ పెట్టి పనిచేస్తోందో లేదో మాత్రం చూసుకోండి" అన్నాడు.

ఛార్జింగ్ పెట్టి ఇలా వచ్చిందో లేదో, కింది వాటాలో ఉండే వంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె పక్క వీధిలో లాయరమ్మగారింట్లో వంట చేస్తుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, పోయిన వారం మీవాళ్ళు లాయరమ్మగారింట్లో మందు కొట్టడానికి వచ్చారు కదా. సింకు కింద ఫొటో తీసి ఆవిడకి పంపించారట. ఆవిడ ఆ ఫోను నా మొహం మీద పెట్టింది. ఎన్ని బొద్దింకలో అక్కా! గోడే కనపడలేదు. ఇదా నీ శుభ్రం, ఈ చేత్తోనా నువ్వు మాకు వండింది అని అప్పటికప్పుడు పొమ్మంది."

వింటూనే అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమెకి శుభ్రం పిచ్చి. బంధువుల్లో ఎవరింట్లోనైనా కాఫీ కప్పు అంచు వేలితో రాసి చూసి గానీ తాగదు.

"మరి నువ్వు చూసుకోవద్దూ?" అంది. "తినే తిండి వండే చోటు! అలా ఎలా వదిలేశావే తల్లీ? నా వంటిల్లు చూడు, అద్దంలా ఉంటుంది."

"తప్పేనక్కా. ఎలా పట్టించుకోలేదో నాకే తెలియట్లేదు" అంది వంటావిడ. "ఎంత కడిగినా పైపుల్లోంచి వస్తాయని మీవాళ్ళు ఒక్క మాట చెబితే ఆవిడ వింటుందేమో. ఈ సంగతి నలుగురి నోటా పడి ఇంకెవరూ నన్ను పనిలోకి రానివ్వట్లేదు. పిల్లదాని ఫీజు కట్టాలి, ఇంటి అద్దె ఇవ్వాలి."

"చూస్తాలే" అని అక్క ముక్తసరిగా అని పంపించేసింది. లోపలికి రమ్మని కూడా అనలేదు. ఆ చేతుల్ని చూస్తే ఆమెకి కంపరం ఎత్తింది, అదీ అసలు సంగతి.

ఆ తర్వాత కెమెరా ఆన్ చేసింది. పని చేస్తోంది. లోపల ఏమున్నాయో చూద్దామని మీట నొక్కింది. చీకటి అర, పైపు, గోడనిండా బొద్దింకలు. గోధుమరంగు గుడ్ల సంచులు, జిడ్డు, పైపు మొదట్లో తడి. "ఛీ ఛీ ఛీ!" అని కెమెరాని మంచం మీద పడేసింది. లాయరమ్మ వెళ్ళగొట్టిందంటే వెళ్ళగొట్టదూ మరి! తర్వాత మళ్ళీ తీసి చూసింది. రోత పుట్టించే వాటిని రెండోసారి చూడకుండా ఎవరుంటారు? అన్నీ అదే అర, అదే పైపు. చివరి దాంట్లో పైపు బాగా దగ్గరగా పడింది. దానికి నీలం పూల గుడ్డపీలిక చుట్టి, రెండు ముళ్ళు వేసి ఉంది.

నీలం పూల దుప్పటి అక్కది. చింపింది అక్క. పైపు కారుతోందని చుట్టి రెండు ముళ్ళు వేసిందీ అక్కే.

ఆమె వంటింట్లోకి వెళ్ళి సింకు కింది తలుపు బార్లా తీసింది. మామూలుగా ఎదురుగా ఉన్న సబ్బు సీసా అందుకుని మూసేయడమే తప్ప, వంగి లోపలికి చూసి ఎన్నాళ్ళయిందో. నీలం పూల పీలిక అక్కడే ఉంది. దాని వెనక గోడ కదులుతోంది. ఒకటి ఆమె పాదం మీదుగా పరుగెత్తింది. అక్క కెవ్వుమని అరిచి స్టూలెక్కింది. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో మందు కొట్టే మొగుడు, సొంత ఇంట్లో కొట్టమంటే రేపు కొడతానని వాయిదా వేస్తూ వచ్చాడు. ఇల్లు అద్దంలా ఉందని మురిసిపోతూ ఆమె మళ్ళీ గుర్తు చెయ్యలేదు.

మగాళ్ళిద్దరూ మధ్యాహ్నం భోజనానికి రాగానే అక్క కంచాలు పెట్టలేదు. కెమెరా పెట్టింది.

"ఏంటిది?"

మాటలాయన ఒక్క చూపు చూసి నవ్వేశాడు. "ఓ, అదా వదినా! నమూనా. కొన్న కొత్తలో నువ్వు బట్టలారేయడానికి పైకెళ్ళినప్పుడు తీశాం. అన్నయ్య టార్చి పట్టుకున్నాడు. ఎంత బాగా వచ్చిందో చూశావా! అంత బాగా వచ్చాక ఇక ప్రతి ఇంట్లోనూ తియ్యడం దేనికి? ఫోన్లో పెట్టుకుని ఇదే పంపిస్తున్నాను. కెమెరాకి పనిలేకుండా పోయింది అందుకేగా."

"అంటే... లాయరమ్మకి పంపింది నా సింకా?"

"లాయరమ్మ ఒక్కత్తేనా! అసలు ఎవరూ తలుపు తీసి చూసుకోరు వదినా. ఫొటో చూడగానే డోకొచ్చి, ముందు మందు కొట్టండి బాబూ అంటారు. అదే దీని గొప్పతనం."

అరికాలి మంట నెత్తికెక్కింది అక్కకి. "నా వంటిల్లు ఊరంతా ఊరేగించావురా! సిగ్గు లేదూ? ఏవండీ, మీరు టార్చి పట్టుకున్నారా? పక్కనే మందు డబ్బా పెట్టుకుని, చంపడం మానేసి ఫొటోలు తీయించారా?"

మొగుడు తలెత్తలేదు. "నీదని ఎవరికి తెలుసే? అరవకు" అన్నాడు.

"ఆ వంటావిడ ఉద్యోగం ఊడింది."

"ఇంకో ఇల్లు దొరక్కపోదులే" అన్నాడు మాటలాయన. "వదినా, నా మాట విను. ఇప్పుడు ఇది బయటపడితే మా వ్యాపారం పోతుంది, సరే. నీ పరువు మాటేంటి? చుట్టపక్కాలందరికీ శుభ్రం గురించి పాఠాలు చెప్పేదానివి. నేను ఫోన్లోంచి ఆ ఫొటో చెరిపేస్తాను, నువ్వు ఫొటోలున్న కార్డు పారేసి కెమెరా అమ్మేసెయ్. మనకీ ఆ బొద్దింకలకీ సంబంధం లేదు."

ఛీ, వెధవ మాట. కానీ ఆ వెధవ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోటే తగిలింది. అమ్మేస్తే ఎవరికీ తెలియదు. అమ్మకపోతే తన నోటితో తనే చెప్పుకోవాలి. ఆ వంటావిడకి పని పోయింది నిజమే, పాపం నిజమే. అయితే మాత్రం, పదిమందిలో తలెత్తుకు తిరిగే మనిషి, నా సింకు కింద బొద్దింకల గూడుంది అని ఎలా చెబుతుంది? అక్క మొగుడి చేత బలవంతాన మందు కొట్టించింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని చచ్చినవాటిని ఎత్తి పోసింది. నాలుగు బకెట్ల వేడినీళ్ళతో కడిగింది. అయినా కంపరం వదల్లేదు. చివరికి ఆ పీడ వదిలించుకుందామని కెమెరా సంచీ భుజాన వేసుకుని స్టూడియోకి బయల్దేరింది. కార్డు తియ్యడం కూడా ఆ కంగారులో మరిచిపోయింది.

స్టూడియో ఆయన కెమెరా ఆన్ చేశాడు. వెంటనే మొహం అటు తిప్పుకున్నాడు. "అబ్బే, ఏంటండీ ఈ దరిద్రం! ఎవరిల్లు?"

"లాయరమ్మగారిల్లట" అంది అక్క. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు, దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది. "వంటమనిషి నిర్వాకం."

"మీ కింది వాటా ఆవిడేనా? అయ్యో, మా ఆవిడకి చేతకావట్లేదని రేపట్నుంచి ఆవిణ్ణే రమ్మందామనుకున్నాం. మంచిపని చేశారండీ, ముందే చెప్పి రక్షించారు."

అక్కకి తల కొట్టేసినట్టయింది. బొద్దింకల్ని చూసినప్పుడు పుట్టిన రోత, ఇప్పుడు తన నోటిమీద పుట్టింది. దీనికంటే ఆ మాటలాయన నయం. వాడు ఫొటో పంపించాడు, తను మనిషి కడుపు మీద కొట్టింది.

"కాదు" అంది, గట్టిగా. "అబద్ధం చెప్పాను. ఆ సింకు లాయరమ్మది కాదు, నాది. ఆ ముడి నేను వేసిందే. ఆవిడకేం సంబంధం లేదు. ఇటివ్వండి, నేను అమ్మను."

అతను కెమెరాని తిరిగిచ్చి, చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. అక్క అది చూసింది. చూసి, అక్కణ్ణుంచి తిన్నగా వంటావిడ గుమ్మం తట్టింది. "చెప్పులేసుకో. లాయరమ్మగారింటికి వెళ్దాం" అంది. ఎందుకో దారిలో చెప్పింది.

లాయరమ్మ సోఫాలో కూర్చుని ఏవో కాగితాలు చూసుకుంటోంది. అక్క కెమెరా తెర చూపించి, "మీ ఫోన్లో ఉన్న ఫొటో ఇదేనా, చూసుకోండి" అంది. ఆవిడ ఫోను తీసి పక్కన పెట్టి చూసింది. అదే. "ఇప్పుడు మీ సింకు కింద ఒక్కసారి చూడండి" అంది అక్క.

"నాకు డోకొస్తుంది. నేను తియ్యను ఆ తలుపు."

"నేను తీస్తాను. మీరు చూడండి చాలు."

ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళాక అక్క తలుపు తెరిచింది. తెల్లటి గోడ, మెరిసే స్టీలు పైపు, ఒక మూల మడిచి ఆరేసిన గుడ్డ. మచ్చ లేదు, మరక లేదు. మాటలాయన పంపిన ఫొటో చూసి భయపడి, లాయరమ్మ ఇంతవరకూ ఆ తలుపు ముట్టుకోనేలేదు.

"అయితే ఫొటోలో ఉన్నది ఎవరిల్లు?"

"మాదండీ" అంది అక్క. "నా వంటిల్లు. మా మరిది మిమ్మల్ని మోసం చేశాడు. మీరు ఏ కేసైనా పెట్టుకోండి."

లాయరమ్మ అక్కని తలనుంచి పాదాల దాకా ఒకసారి చూసి, కాస్త వెనక్కి జరిగింది. "ఛీ. అలాంటి ఇంట్లో ఎలా తింటారండీ?" అంది. అక్కకి ఆ మాట సూదిలా దిగింది. అయినా నిలబడింది. లాయరమ్మ వంటావిడ వైపు తిరిగి, "సరేలే, రేపు పొద్దున్న వచ్చెయ్" అంది, పోగొట్టుకున్న గొడుగు దొరికినట్టు. తప్పయిపోయిందన్న మాట ఒక్కటీ ఆవిడ నోట రాలేదు.

"అంతేనా?" అంది అక్క, ఒళ్ళు మండి. "అన్నన్ని మాటలన్నారు కదా, ఇంకేం అనరా?"

లాయరమ్మ హాల్లోకి వెళ్ళి మళ్ళీ కాగితాలు అందుకుంది. వంటావిడ అప్పటికే సింకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చెయ్యి లోపలికి పెట్టి గోడంతా తడిమి చూస్తోంది. పైన, కింద, పైపు వెనక. తడిమి తడిమి, చెయ్యి బయటికి తీసి ఆ అరచేతినే చూసుకుంటోంది.

"లేమ్మా" అని అక్క భుజం పట్టుకుంది.

"వారం వారం తుడిచేదాన్నక్కా" అంది వంటావిడ. "తుడిచానని నాకు తెలుసు. కానీ ఆ ఫొటో చూశాక నా చేతుల్ని నేనే నమ్మలేదు. ఆ రోజు నుంచి నా పిల్లకి ఈ చేత్తో అన్నం కలిపి పెట్టలేదు."